బోరు నీళ్ల స్విమ్మింగ్ పూల్: ఇంట్లోవాళ్లే చూసుకునే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో, విల్లాల్లో ఉన్న పూల్స్‌ని చాలావరకు బోరు నీళ్లతోనో ట్యాంకర్ నీళ్లతోనో నింపుతారు. హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగిన సున్నం) అయిదారు వందల పీపీఎం (పది లక్షల వంతుల్లో అన్ని వంతులు) ఉన్న బోర్లు ఇక్కడ మామూలే. మందుల డబ్బాల మీద ఉండే సూచనలు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవు. డబ్బా మీద రాసినట్టే అన్నీ చేసినా, రెండు వేసవులు దాటేసరికి టైల్స్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, ఫిల్టర్‌లో ఇసుక గడ్డకడుతుంది, క్లోరిన్ వేస్తూనే ఉన్నా నీళ్లు పచ్చబడుతుంటాయి. మూడింటికీ మూలం ఒకటే. నీళ్లు ఆవిరైపోతాయి గానీ నీళ్లలో కరిగినవి ఎక్కడికీ పోవు. అది గుర్తుంటే కింద చెప్పే పనుల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

లీటర్ల లెక్క

లోతును గోడ పైఅంచు దాకా కాకుండా నీళ్లు నిలిచే మట్టం దాకానే కొలవండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక కొసన 1 మీటరు, రెండో కొసన 1.5 మీటర్ల లోతు, అడుగు ఒకే వాలుగా ఉన్న పూల్ అనుకుందాం. సగటు లోతు 1.25 మీటర్లు. 8 × 4 × 1.25 = 40 ఘనపు మీటర్లు, అంటే 40,000 లీటర్లు. కొలతలు అడుగుల్లో ఉంటే ఘనపుటడుగులను 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. చుట్టూ జాలి కాలువలోకి నీళ్లు పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ అయితే, ఆ పొర్లిన నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకులోని నీళ్లు కూడా కలపాలి. ఆ అంకెను మోటారు గది గోడ మీద పెయింటుతో రాసిపెట్టండి. పనివాళ్లు మారినా లెక్క మారదు.

1000 లీటర్ల నీళ్లలో 1 గ్రాము కరిగితే 1 పీపీఎం. మన 40,000 లీటర్లలో క్లోరిన్ 1 పీపీఎం పెరగాలంటే అసలు క్లోరిన్ 40 గ్రాములు పడాలి. 90 శాతం టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆసిడ్, గుళికలుగా, బిళ్లలుగా దొరికే క్లోరిన్) అయితే దాదాపు 45 గ్రాములు, 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 62 గ్రాములు, 10 శాతం ద్రవ క్లోరిన్ అయితే 400 మిల్లీలీటర్లు. ఇకమీద వచ్చే మోతాదులన్నీ ఈ 40,000 లీటర్లకే. మీ పూల్ 60,000 లీటర్లయితే ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

"రోజూ రెండు గుప్పిళ్లు" లెక్కన మందు వేయడం చాలాచోట్ల అలవాటు. గుప్పెడు ఎంతో ఎవరికీ తెలియదు. వంటింటి డిజిటల్ త్రాసు లాంటిదొకటి మోటారు గదికి విడిగా కొనండి. అది మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

ఏం కొలవాలి, దేనితో

బజార్లో చవగ్గా దొరికే కిట్లలో క్లోరిన్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు మారతాయి. అవి మొత్తం క్లోరిన్‌ను చూపిస్తాయి. అందులో చెమటతో, మూత్రంతో కలిసి సత్తువ పోయిన క్లోరిన్ కూడా ఉంటుంది. కాబట్టి పసుపు బాగా వచ్చిందంటే నీళ్లు బాగున్నాయని కాదు. గులాబీ రంగు ఇచ్చే డీపీడీ కిట్ కొనండి. అది పనిచేసే ఫ్రీ క్లోరిన్‌ను విడిగా చెబుతుంది. ఆల్కలినిటీ (నీళ్లకు ఆసిడ్‌ను తట్టుకునే శక్తి), హార్డ్‌నెస్, సయన్యూరిక్ ఆసిడ్ (ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచేది) పరీక్షలు కూడా ఉన్న కిట్ అయితే ఇంకా మంచిది.

నమూనా నీళ్లను పైపైన ముంచకండి. సీసాను బోర్లా పట్టుకుని మోచేతి లోతుకు దించి, అక్కడ తిప్పి నింపండి. నీళ్లు లోపలికి వచ్చే ఇన్‌లెట్ దగ్గర తీసినా, మందు వేసిన గంటలోపే తీసినా అంకె తప్పుతుంది.

కిట్ మోసం చేసే సందర్భాలు రెండున్నాయి. క్లోరిన్ 10 పీపీఎం దాటితే డీపీడీ గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి విరిగి, నీళ్లు రంగు లేకుండా కనిపించవచ్చు. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోసేస్తారు. అనుమానం వస్తే ఒక వంతు పూల్ నీళ్లలో నాలుగు వంతులు ఆర్‌వో నీళ్లు కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను 5తో గుణించండి. క్లోరిన్ బాగా ఎక్కువున్నప్పుడు పీహెచ్ పరీక్ష కూడా ఊదారంగు చూపించి తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు ఆ అంకెను చూసి ఆసిడ్ పోయొద్దు.

ఉండాల్సిన అంకెలు ఇవి. పీహెచ్ 7.2 నుంచి 7.6. ఆల్కలినిటీ మామూలుగా 80 నుంచి 120 అంటారు. బోరు నీళ్లకు 60–80 చాలు, ఎందుకో కింద వస్తుంది. సయన్యూరిక్ ఆసిడ్ 30 నుంచి 50. ఫ్రీ క్లోరిన్ ఎంతుండాలన్నది ఆ సయన్యూరిక్ ఆసిడ్‌ను బట్టి మారుతుంది. దానిలో సుమారు ఏడున్నర శాతానికి తగ్గకూడదు. అంటే సయన్యూరిక్ 40 ఉంటే క్లోరిన్ ఎప్పుడూ 3 పీపీఎం కింద పడకూడదు.

క్లోరిన్, పీహెచ్ రోజూ చూడాలి. ఆల్కలినిటీ వారానికోసారి, హార్డ్‌నెస్, సయన్యూరిక్ నెలకోసారి సరిపోతాయి.

ఏ క్లోరిన్ వాడాలి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఎండలో, స్టెబిలైజర్ లేని నీళ్లలో, క్లోరిన్ రెండు మూడు గంటల్లోనే చాలావరకు ఎగిరిపోతుంది. సయన్యూరిక్ ఆసిడ్ అనే స్టెబిలైజర్ దాన్ని పట్టి ఉంచుతుంది. టీసీసీఏ గుళికల్లో, బిళ్లల్లో అది ముందే కలిసి ఉంటుంది. అందుకే టీసీసీఏ మొదట్లో అద్భుతంగా పనిచేస్తుంది. అయితే 1 పీపీఎం క్లోరిన్ ఇచ్చిన ప్రతిసారీ 0.6 పీపీఎం సయన్యూరిక్ ఆసిడ్‌ను నీళ్లలో వదిలిపెడుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, అది మిగిలిపోతుంది. రోజుకు 90 గ్రాములు, అంటే 2 పీపీఎం వేస్తే నెలకు 36 పీపీఎం చేరుతుంది. మూడు నెలలకు వంద దాటుతుంది. అప్పుడు క్లోరిన్ 7, 8 పీపీఎం లేకపోతే పాచి ఆగదు. కిట్‌లో 3 చూపిస్తుంటే అంతా బాగుందనుకుంటారు, తెల్లారేసరికి గోడలు జారుడుగా ఉంటాయి. "ఈ బ్రాండ్ పనిచేయడం లేదు" అని ఇంకో డబ్బా కొంటారు. అదీ టీసీసీఏనే అయితే సయన్యూరిక్ ఇంకా పేరుకుంటుంది.

కాల్షియం హైపోక్లోరైట్‌లో ఆ గొడవ లేదు గానీ, 1 పీపీఎం క్లోరిన్‌కు దాదాపు 0.7 పీపీఎం హార్డ్‌నెస్ పెంచుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలకు 40కి పైనే. అసలే సున్నపు నీళ్లున్న పూల్‌కు అది మంచిది కాదు. మామూలు బ్లీచింగ్ పౌడర్ ఇంకా అధ్వాన్నం. అందులో క్లోరిన్ మూడో వంతు కూడా ఉండదు, మిగతాదంతా సున్నమే. నీళ్లు పాలలా తయారై, ఆ సున్నం ఫిల్టర్ ఇసుకకు పడుతుంది. చవకని దాన్ని కొనేవాళ్లు ఫిల్టర్ ఇసుక మార్పించే ఖర్చు కూడా కలుపుకుని చూడాలి.

ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, నీళ్లకు ఉప్పు తప్ప మరేదీ కలపదు. దాని లోపం నిల్వలో ఉంది. మన ఎండల్లో డబ్బా నిలవున్న కొద్దీ బలం తగ్గిపోతుంది. నీడలో పెట్టి, రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొనాలి.

కాబట్టి బోరు నీళ్ల పూల్‌కు మా సలహా ఇది. కొత్త నీళ్లు నింపాక సయన్యూరిక్ 40కి చేరేదాకా టీసీసీఏ వాడండి. అక్కడినుంచి రోజువారీ మోతాదు ద్రవ క్లోరిన్‌కు మార్చండి. ఊరెళ్లినప్పుడు మాత్రం తేలే డబ్బాలో టీసీసీఏ బిళ్లలు పెట్టండి. మే నెలలో సయన్యూరిక్ 40 ఉన్న పూల్‌కు రోజుకు 2 నుంచి 3 పీపీఎం, అంటే 800 మిల్లీలీటర్ల నుంచి 1.2 లీటర్ల దాకా పట్టవచ్చు. డిసెంబర్‌లో అందులో సగం చాలు. ఎప్పుడేసినా పొద్దుగూకాక, మోటారు నడుస్తుండగా, ఇన్‌లెట్‌ల ముందు కొద్దికొద్దిగా పోయాలి. పొద్దున్న పోస్తే సగం సూర్యుడికి పోసినట్టే.

టీసీసీఏకీ కాల్షియం హైపోక్లోరైట్‌కీ ఒకే మగ్గు, ఒకే బకెట్ వాడొద్దు. రెండూ కలిస్తే, అడుగున మిగిలిన కాస్త పొడి తడిసినా, మంట లేచి పేలుడు దాకా పోవచ్చు. ఏ క్లోరిన్ మీదైనా ఆసిడ్ పడితే విషవాయువు వస్తుంది. ఆసిడ్ డబ్బాలను క్లోరిన్ ఉన్న గదిలో ఉంచకండి, మోటారు గదిలో అసలు వద్దు. ఆసిడ్ ఆవిరికి ప్యానెల్‌లోని రాగి తీగలు, కాంటాక్టర్లు తుప్పుపడతాయి. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. టీసీసీఏ బిళ్లలను స్కిమ్మర్ (నీటి మట్టం దగ్గర గోడలో, తేలే చెత్తను లాగే నోరు) బుట్టలోనూ పెట్టొద్దు. మోటారు ఆగిన వేళ అక్కడి నీళ్లు ఆసిడ్‌లా తయారై, మళ్లీ మోటారు వేయగానే నేరుగా పంపులోకి పోతాయి.

ఘాటుగా "క్లోరిన్ వాసన" వస్తుంటే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు. చాలాసార్లు తక్కువై వస్తుందది. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్‌ది ఆ వాసన. కళ్లు మండేదీ దానివల్లే.

పీహెచ్ ఎందుకు రోజూ పెరుగుతుంది

బోరు నీళ్లలో ఆల్కలినిటీ 300 పీపీఎం ఉండటం వింతేమీ కాదు. అలాంటి నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంటూ ఉంటుంది, దాంతో పీహెచ్ ఎక్కుతుంది. జలపాతం, ఫౌంటెన్ ఉన్న పూల్స్‌లో మరీ వేగంగా ఎక్కుతుంది. పీహెచ్ 8 దాటి, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ కూడా ఎక్కువైతే సున్నం నీళ్లలో నిలవలేదు. టైల్స్ మీద, ఇన్‌లెట్‌ల మీద, ఇసుక మీద పెచ్చుగా దిగుతుంది. హార్డ్‌నెస్‌ను తగ్గించే చవకైన మందు లేదు. మన చేతిలో ఉన్నవి మిగతా రెండే. అందుకే ఆల్కలినిటీని 60–80కి దించి, పీహెచ్‌ను 7.2–7.4 దగ్గర ఉంచితే హార్డ్‌నెస్ 600 ఉన్నా పెచ్చు కట్టకుండా నెట్టుకురావచ్చు.

దించే పద్ధతి: 30 నుంచి 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్ దాదాపు 800 మిల్లీలీటర్లు పోస్తే 40,000 లీటర్లలో ఆల్కలినిటీ 10 పీపీఎం తగ్గుతుంది. 300 నుంచి 80కి రావాలంటే పదిహేడు, పద్దెనిమిది లీటర్లు. ఒక్కరోజులో పోసే మాట కాదు. పీహెచ్ 7.0కి దిగేంతవరకే పోసి ఆపండి. ఇన్‌లెట్ ముక్కులు పైకి తిప్పి, ఫౌంటెన్ ఉంటే వేసి, నీళ్లు గలగలా కదిలేలా చేయండి. పీహెచ్ తనంతట తాను 7.6కి ఎక్కుతుంది, ఆల్కలినిటీ మాత్రం తగ్గిన చోటే ఉంటుంది. మళ్లీ పోయండి. వారం పది రోజులు పడుతుంది. రోజువారీ సర్దుబాటుకు ఇంత అక్కర్లేదు. ఆల్కలినిటీ 100 దగ్గరున్నప్పుడు పీహెచ్ 7.8 నుంచి 7.5కి రావడానికి 350 మిల్లీలీటర్లు చాలు.

ఆసిడ్ పోసేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు ఉండాలి. లోతైన వైపు, మోటారు నడుస్తుండగా, నీటి మట్టానికి దగ్గరగా సన్నటి ధారగా పోయాలి. గోడ మీద పడితే టైల్స్ మధ్య గ్రౌట్ తినేస్తుంది.

ఆల్కలినిటీ తక్కువయ్యే సందర్భాలూ ఉన్నాయి. జడివానలు పడ్డాక, పటిక వాడాక తగ్గుతుంది. అప్పుడు వంటసోడా 670 గ్రాములకు 10 పీపీఎం లెక్కన వేయండి. చాకలి సోడా వేరు. అది పీహెచ్‌ను అమాంతం లేపి నీళ్లను తెల్లగా చేస్తుంది.

మోటారు, ఫిల్టర్

1 హెచ్‌పీ పంపు మామూలుగా గంటకు 12 ఘనపు మీటర్ల దాకా తిప్పుతుంది. అంటే మూడున్నర గంటలకు ఒక చుట్టు. వేసవిలో 8 గంటలు, చలికాలంలో 4 నుంచి 5 గంటలు నడపండి. గంటకు ఇంచుమించు ఒక యూనిట్ కరెంటు. టైమర్ పెట్టుకుంటే మంచిదే గానీ, ముల్లు తిరిగే టైమర్ కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. రెండు మూడు కోతలయ్యాక రాత్రి నడవాల్సిన మోటారు మిట్టమధ్యాహ్నం నడుస్తుంటుంది. వారానికోసారి దాని గడియారం సరిచేయండి, లేదా బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టండి.

ఇసుక ఫిల్టర్ మీద ప్రెజర్ గేజ్ ఉంటుంది. కడిగిన వెంటనే ఎంతుందో చూసి పక్కనే మార్కర్‌తో రాయండి. దానిమీద అర బార్, అంటే 7 నుంచి 8 పీఎస్ఐ, పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లను వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. ప్రతిరోజూ బ్యాక్‌వాష్ చేయించే ఇళ్లున్నాయి. అది నీళ్ల దండగ. పైగా కొంచెం మురికి పట్టిన ఇసుక, శుభ్రంగా కడిగిన ఇసుక కన్నా సన్నటి దుమ్మును బాగా ఆపుతుంది.

మోటారు ఆపాకే, ఫిల్టర్‌లో నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడి తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి గాస్కెట్ లేచిపోతుంది, ఆ తర్వాత ఫిల్టర్ మోడ్‌లో ఉన్నా బయటి పైపులోంచి నీళ్లు కారిపోతూనే ఉంటాయి. పూల్ లీకవుతోందని టైల్స్ పగలగొట్టించే ముందు ఆ వేస్ట్ పైపు కొస ఒకసారి చూడండి. మోటారు ఆపి, పిడి బ్యాక్‌వాష్‌కు తిప్పి, మోటారు వేసి, గాజు గుండులో నీళ్లు తేటపడేదాకా ఉంచండి. రెండు మూడు నిమిషాలు పడుతుంది. మళ్లీ ఆపి రిన్స్‌కు తిప్పి అర నిమిషం, మళ్లీ ఆపి ఫిల్టర్‌కు. రిన్స్ వదిలేస్తే మొదటి గుక్క మురికి పూల్‌లోకే వస్తుంది. మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కు 600 లీటర్లు పోతాయి. ఆ నీళ్లను చెరువులోకో వాగులోకో వదలకండి, క్లోరిన్‌కు చేపలు చస్తాయి.

గేజ్ పెరగకుండానే నీళ్లు మబ్బుగా ఉంటే ఇసుకలో దారులు పడ్డాయని అర్థం. మూత తీసి చేయి పెట్టి చూడండి. సున్నం పట్టిన ఇసుక అప్పడంలా పెళ్లలుగా వస్తుంది. 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల సిలికా ఇసుకే వాడాలి. కట్టుబడి ఇసుక జల్లెడపట్టి పోయించే ప్రయోగాలు వద్దు. మామూలుగా అయిదేళ్లు వచ్చే ఇసుక, బోరు నీళ్లలో మూడేళ్లకే మార్చాల్సి రావచ్చు. పాత ఇసుక తీసేటప్పుడు అడుగున చుట్టూ ఉండే సన్నటి గొట్టాలు విరక్కుండా చూడండి. ఇన్‌లెట్ల దగ్గర పూల్‌లో ఇసుక కుప్పలు పడుతుంటే వాటిలో ఒకటి విరిగిందన్నమాట.

ఇన్‌లెట్‌లలోంచి గాలి బుడగలు వస్తుంటే తప్పు పంపుకు ముందు వైపు ఉంది. తొంభై పాళ్లు స్ట్రైనర్ (పంపు ముందు చెత్త ఆపే బుట్ట) మూత కింది రబ్బరు రింగే. తుడిచి, సిలికాన్ గ్రీజు రాయండి. బండి గ్రీజు, వాజ్‌లైన్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. పంపుకూ మోటారుకూ మధ్య నీటి చుక్కలు పడుతుంటే మెకానికల్ సీల్ పోయింది. ఆలస్యం చేస్తే ఆ తడి బేరింగుల దాకా పోతుంది, చిన్న సీలుతో పోయేది మోటారు మీదికొస్తుంది. సింగిల్ ఫేజ్ మోటారు గుంయ్‌మని మోగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్ మార్పించి చూడండి.

వారానికొక పూట

బ్రష్ ముందు, వాక్యూమ్ తర్వాత. పాచి నీళ్లలో కన్నా ముందు గోడల మీద పుడుతుంది. మెట్ల మూలలు, నిచ్చెన వెనక, లైట్ల చుట్టూ నీళ్లు సరిగా కదలవు, అక్కడినుంచే మొదలవుతుంది. అక్కడ గట్టిగా రుద్దండి. టైల్స్‌కు నైలాన్ బ్రష్ చాలు. స్టీలు బ్రష్ పోగులు ఊడిపడి తుప్పు మరకలు పెడతాయి.

గంటసేపు దుమ్ము దిగనిచ్చి వాక్యూమ్ చేయండి. గొట్టాన్ని ఇన్‌లెట్ దగ్గర పట్టి నీళ్లతో పూర్తిగా నింపాకే సక్షన్‌కు తగిలించాలి. గాలి మిగిలితే పంపు నీళ్లు లాగడం మానేస్తుంది. హెడ్‌ను నింపాదిగా జరపండి, తొందరపడితే మురికి లేచి మబ్బు కడుతుంది. ఎర్రమట్టి ఎక్కువగా దిగినప్పుడు వాల్వ్ వేస్ట్‌లో పెట్టి నేరుగా బయటికి పంపడం మేలు. సన్నటి బంకమట్టి ఇసుకలోంచి దూరి మళ్లీ పూల్‌లోకే వస్తుంది.

నీటి మట్టం దగ్గర టైల్స్ మీద జిడ్డు గీత మన ఇళ్లలో మరీ త్వరగా కడుతుంది. కారణం తలనూనె. ఈతకు ముందు తలస్నానం తప్పనిసరి అని ఇంట్లో చెప్పగలిగితే వారంలో అరగంట పని తగ్గుతుంది, క్లోరిన్ కూడా మిగులుతుంది. జిడ్డును తడి స్పాంజి మీద వంటసోడా వేసి తుడవండి. గిన్నెల సబ్బు వద్దు, నురగ రోజుల తరబడి పోదు. తెల్లటి సున్నపు పెచ్చుకు పది వంతుల నీళ్లలో ఒక వంతు ఆసిడ్, మెత్తటి బ్రష్, వెంటనే కడిగేయడం. ముదిరిన పెచ్చుకు ప్యూమిస్ రాయి తప్ప దారి లేదు.

వారానికోసారే అయినా అడుగు డ్రెయిన్ జాలి చూడటం మరవకండి. స్క్రూలు వదులైనా, జాలి విరిగినా, అది బాగయ్యేదాకా ఎవరినీ నీళ్లలోకి దింపొద్దు. పంపు లాగుడుకు పిల్లల జుట్టు గానీ చేయి గానీ అతుక్కుంటే మనిషి బలంతో విడిపించలేం. లోతైన కొసన ఆ జాలి గళ్లు గట్టు మీదినుంచి స్పష్టంగా కనపడని రోజున కూడా ఈత లేదు. మబ్బు నీళ్లలో మునిగిన పిల్లాడు కనపడడు. లైట్లు 12 వోల్టులవే ఉండాలి, పూల్ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి.

నీళ్లు పచ్చబడితే

ముందు కారణం తెలుసుకోండి. కొత్తగా బోరు నీళ్లు నింపి క్లోరిన్ వేసిన గంటకే తేనెరంగో గోధుమరంగో వస్తే అది పాచి కాదు, ఇనుము. ఫిల్టర్ ఆపకుండా నడిపి, తరచూ బ్యాక్‌వాష్ చేస్తే పోతుంది. పచ్చగా, గోడలు జారుగా ఉంటే పాచి.

పాచికి వరస ఇది. ఆకులు, చెత్త వలతో తీసేయండి. సయన్యూరిక్ కొలవండి. 80 దాటి ఉంటే ముందు మూడో వంతు నీళ్లు మార్చాలి, లేకపోతే ఎంత క్లోరిన్ పోసినా చాలదు. పీహెచ్ 7.2కి దించండి. ఇప్పుడు క్లోరిన్‌ను సయన్యూరిక్‌లో 40 శాతానికి లేపండి. 40 ఉంటే 16 పీపీఎం, అంటే ద్రవ క్లోరిన్ 6.4 లీటర్లు. అన్ని గోడలూ రుద్దండి. మోటారు రాత్రింబవళ్లు నడవాలి. అసలు కిటుకు తర్వాత ఉంది. క్లోరిన్ గంటగంటకూ పడిపోతుంటుంది, మొదటిరోజు నాలుగైదు సార్లు కొలిచి మళ్లీ 16కి లేపుతూ ఉండాలి. ఒకసారి పోసి వదిలేస్తే పాచి సగం చచ్చి, మూడోనాటికి మళ్లీ లేస్తుంది. నీళ్లు పచ్చనుంచి బూడిద తెలుపుకు మారితే పాచి చచ్చిందని గుర్తు. మిగిలింది ఫిల్టర్ పని.

ఎప్పుడు ఆపాలి? నీళ్లు తేటగా ఉండి, రాత్రి పొద్దుపోయాక కొలిచిన క్లోరిన్ తెల్లవారుజామున 1 పీపీఎంకు మించి తగ్గకపోతే, అప్పుడు. ఎండ లేని వేళ తగ్గిందంటే ఇంకా ఏదో దాన్ని తింటోందని అర్థం.

తొందరగా కావాలంటే పటిక ఉంది. 1000 లీటర్లకు 20 నుంచి 30 గ్రాములు, అంటే మొత్తం 800 గ్రాముల నుంచి 1.2 కిలోల దాకా, బకెట్‌లో కరిగించి నీటి మీద చల్లండి. వాల్వ్ రీసర్క్యులేట్‌లో (నీళ్లు ఇసుకలోంచి పోకుండా తిరిగేలా) పెట్టి పావుగంట తిప్పి మోటారు ఆపేయండి. రాత్రంతా కదిలించకూడదు. తెల్లారేసరికి మురికంతా అడుగున దుప్పటిలా దిగుతుంది. దాన్ని వేస్ట్ మోడ్‌లోనే వాక్యూమ్ చేయాలి. ఫిల్టర్ మోడ్‌లో లాగితే ఇసుక జిగురుముద్దవుతుంది. మూడు నాలుగు వేల లీటర్ల నీళ్లు పోతాయని ముందే తెలిసి ఉండాలి.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. పాచి చస్తుంది గానీ ఆ రాగి నీళ్లలోనే ఉండిపోతుంది. పీహెచ్ పెరిగిన రోజున గ్రౌట్ మీద నీలపు నలుపు మరకలు దిగుతాయి, లేతరంగు జుట్టుకు పచ్చఛాయ వస్తుంది.

క్లోరిన్ తగ్గిన వెచ్చటి నీళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిన అమీబా మెదడు జ్వరానికి ముఖ్య కారకాల్లో ఒకటైన నేగ్లేరియా, వెచ్చటి మంచినీళ్లలో పెరిగి ముక్కులోంచి లోపలికి పోతుంది. క్లోరిన్ సరిగ్గా ఉన్న పూల్‌లో అది బతకదు.

ఎండలు, వానలు

32 చదరపు మీటర్ల పూల్‌లో ఒక మిల్లీమీటరు మట్టం తగ్గితే 32 లీటర్లు పోయినట్టు. మే ఎండల్లో, వడగాలిలో రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు పోవడం సహజం. నెలకు ఇంచుమించు 7,000 లీటర్లు. ఆ లోటును 600 పీపీఎం బోరు నీళ్లతో పూడిస్తే, ఒక్క నెలలో పూల్ హార్డ్‌నెస్ 105 పీపీఎం పెరుగుతుంది. అంతకన్నా ఎక్కువ మట్టం తగ్గుతుంటే లీకేమో చూడాలి. బకెట్‌లో పూల్ నీళ్లు నింపి మెట్టు మీద నీటిలో నిలబెట్టి, లోపలా బయటా మట్టం గీత పెట్టండి. మోటారు ఆపి 24 గంటలు ఉంచండి. రెండూ సమానంగా తగ్గితే ఎండ, బయట ఎక్కువ తగ్గితే లీకు. రాత్రిపూట కవరు వేస్తే ఆవిరి బాగా తగ్గుతుంది, పొద్దున్నే దుమ్ము ఎత్తే పనీ తగ్గుతుంది.

ఉగాది ముందూ వెనకా వేపచెట్టు ఆకు రాల్చి పూత పూసే రోజుల్లో స్కిమ్మర్ బుట్ట రోజుకు రెండుసార్లు తీయాలి. బాదం ఆకులు ఒక్కరాత్రి అడుగున ఉన్నా టీ రంగు మచ్చ పడుతుంది.

పేరుకున్న సున్నాన్ని, సయన్యూరిక్‌ను వదిలించుకునే కాలం వానాకాలం. జూలై, ఆగస్టుల్లో పెద్దవాన సూచన ఉన్నప్పుడు మట్టం 15 సెంటీమీటర్లు దించి ఉంచండి. ఆ 4,800 లీటర్ల చోటును వాన నీళ్లు పూడుస్తాయి, ఒక్కసారికే పన్నెండు శాతం మారినట్టు. సీజనులో మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే దాదాపు మూడో వంతు లేదా అంతకు పైగా మారిపోతుంది. శుభ్రమైన డాబా నీళ్లను, మొదటి వాన వదిలేశాక, వడకట్టి కలుపుకోవచ్చు. ట్యాంకర్ కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి పూల్స్‌లో తాగునీళ్లు వాడకూడదని ఆంక్ష పెట్టింది. వేసవిలో ట్యాంకర్ నీళ్ల మీద ఆధారపడిన పూల్ ఎప్పుడైనా ఎండిపోవచ్చు.

అయితే వానాకాలంలో పూల్‌ను పూర్తిగా ఖాళీ చేయించకండి. చుట్టూ నేలలో నీళ్లు నిండి ఉన్నప్పుడు కిందినుంచి తోసే ఒత్తిడికి అడుగు పగులుతుంది, ఫైబర్ పూల్ అయితే మొత్తం పైకే లేస్తుంది. ఎండాకాలం ఖాళీగా ఉంచితే టైల్స్ వేడికి ఊడతాయి. ఎప్పుడు మార్చినా మూడో వంతుకు మించి తీయొద్దు. జోరువాన వెలిసిన సాయంత్రం క్లోరిన్, మర్నాడు ఆల్కలినిటీ చూడాలి. స్కిమ్మర్ మూత తీసేటప్పుడు కర్రతో కదిపి చూశాకే చేయి పెట్టండి. వానల్లో కప్పల వెనకే పాములూ అందులో చేరతాయి.

ఊరెళ్లేటప్పుడు

వారం, పది రోజులయితే బయల్దేరే ముందురోజు గోడలు రుద్ది, వాక్యూమ్ చేసి, బ్యాక్‌వాష్ చేయండి. పీహెచ్ 7.2కి దించి, రాత్రి క్లోరిన్ 8 పీపీఎం దాకా లేపండి. తేలే డబ్బాలో 200 గ్రాముల టీసీసీఏ బిళ్లలు మూడో నాలుగో పెట్టి, డబ్బాను తాడుతో మధ్యలో కట్టండి. ఒక మూలకు చేరి నిలిస్తే అక్కడి గ్రౌట్ రంగు పోతుంది. టైమర్‌ను రోజుకు 6 గంటలకు పెట్టి, మట్టం స్కిమ్మర్ నోటికి పైఅంచు దాకా నింపండి. మట్టం తగ్గి పంపు గాలి లాగితే ఖాళీగా తిరిగి సీలు కాలిపోతుంది. గేటుకు తాళం వేసి, తాళంచెవి పొరుగువాళ్ల పిల్లలకు అందని చోట ఉంచండి.

నెలల తరబడి ఎవరూ ఉండరంటే నీళ్లను అలాగే వదిలేయకండి. దోమలు గుడ్లు పెట్టడానికి వారం చాలు. వారానికోసారి వచ్చి అరగంట మోటారు వేసి, క్లోరిన్ పోసి, వల తిప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి. పీపీఎం లెక్కలు చెబితే గందరగోళపడతారు. లీటరు సీసా మీద గీత గీసి, "ఇక్కడిదాకా ద్రవ క్లోరిన్, చీకటి పడ్డాక, మోటారు వేసి" అని చూపించండి. కొలిచిన కిట్ గొట్టం ఫొటో వారం వారం మీ ఫోనుకు పంపమనండి.